బోణీ కాని గోడ

లోకనాథం తన యాభై ఆరేళ్ల బతుకులో పొద్దున్నే ఒకరి కొట్లోకి ఊరికే అడుగుపెట్టి, ఉత్త చేతులతో బయటికి వచ్చిన పాపాన పోలేదు. కొనేది ఉంటే వెళ్లాలి. చూసిపోవడానికే అయితే మధ్యాహ్నం దాకా ఆగి, ఆ కొట్టుకి బోణీ అయిందని తెలిశాక వెళ్లాలి. బర్మాలోని తన్లిన్ బజారులో ముప్ఫై ఏళ్లుగా మినుములూ పెసలూ కందులూ అమ్ముతున్నవాడికి, తొలి బేరం తిరిగిపోతే ఆ రోజు ఎంత బరువుగా నడుస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఈ నియమం వల్ల అతనికి ఎన్నడూ నష్టం రాలేదు. తన్లిన్‌కి వంతెన పడిన అయిదో ఏడు, డిసెంబరు నెలలో ఒక ఆదివారం మాత్రం, ఆ ఒక్క నియమం అయిదుగురు మనుషుల్ని యాంగోన్‌లో ఒక బొమ్మల కొట్టు ఎదుట ముప్పావుగంట ఎండలో నిలబెట్టింది.

ఆ ప్రయాణం వెనక ఒక ఒప్పందం ఉంది. లోకనాథం చెల్లెలు వీరమ్మకీ, ఆమె పెనిమిటి టిన్ ఆంగ్‌కీ ఒక్కతే కూతురు. ఇంట్లో తార, బడిలోనూ బయటా సాన్ సాన్. ఇరవై మూడేళ్ల పిల్ల, ఆరేళ్లుగా బొమ్మలు వేస్తోంది. టిన్ ఆంగ్ రిఫైనరీ స్టోరులో గుమస్తా. నెలకోసారి జీతం రాని పనిని అతను పని అనుకోడు. లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో కూతురికి కుర్చీ మాట్లాడి, ఉత్తరం కూడా తెచ్చాడు. సోమవారం చేరాలి. తార ఏడవలేదు, అలగలేదు. ఏడాది గడువు అడిగింది, అంతే. ఆ ఇంట్లో మూడు రోజులు గిన్నెలు మామూలుకన్నా గట్టిగా చప్పుడయ్యాక, మధ్యవర్తిగా లోకనాథాన్ని పిలిచారు.

రెండు వైపులా విని అతను బేరం ఇలా కుదిర్చాడు. యాంగోన్‌లో పజుండౌంగ్ వాగు ఒడ్డున పాత బియ్యం గోదాములో బుధవారం నుంచి ఆదివారం దాకా బొమ్మల సంత జరుగుతుంది. ఊళ్లో గ్యాలరీల వాళ్లంతా కలిసి పెడుతున్నారు. తారకి కూడా ఒక గోడ ఇచ్చారు. ఆ అయిదు రోజుల్లో గోడ మీది బొమ్మ ఒక్కటి, ఫ్రేముతో సహా అమ్ముడైతే ఏడాది గడువు. కాకపోతే సోమవారం ఫ్యాక్టరీ. టిన్ ఆంగ్ ఒక షరతు తగిలించాడు: చుట్టాలు కొంటే లెక్కలోకి రాదు. ఆ మాట ఎవరి జేబుని చూసి అన్నాడో లోకనాథానికి తెలుసు. తెలిసీ తలూపాడు. తూకం వేసేవాడు పళ్లెం మీద వేలు పెట్టకూడదు.

బుధ, గురు, శుక్ర, శనివారాలు గడిచాయి. ఒక్క బొమ్మా కదల్లేదు.

ఆదివారం పొద్దున్న అయిదుగురు యాంగోన్ వెళ్లే లైన్‌కారు బండి ఎక్కారు. లోకనాథం, వీరమ్మ, టిన్ ఆంగ్, లోకనాథం తల్లి తులసమ్మ, రిఫైనరీలో ఫిట్టరుగా చేసి దిగిపోయిన స్నేహితుడు అచ్చన్న. అచ్చన్నకి అక్కడ పనేమీ లేదు. పదిమంది వెళ్లేచోటికి తను లేకుండా వెళ్తే ఆ ప్రయాణం సరిగా జరగదని అతని నమ్మకం. తులసమ్మ పులిహోరతో నాలుగు గిన్నెల క్యారియరు ఒళ్లో పెట్టుకుంది. లోకనాథం చేతిసంచీలో గోధుమరంగు కాగితం పొట్లాలు మూడున్నాయి, మినుములు, పెసలు, కందులు. నమూనాలు లేకుండా అతను పెళ్లికి కూడా వెళ్లడు.

డెబ్భై ఎనిమిదేళ్ల తులసమ్మ నోట యాంగోన్ ఇంకా రంగమే. బండి వంతెన ఎక్కగానే ఆమె కడ్డీ పట్టుకుని నది వైపు చూసింది.

"మీ అయ్య జోగి ఆ గోదాంలోనే బస్తాలు మోసీవోడు. నాను కూడు పట్టుకెల్తే గుమ్మంకాడే ఆపీసీవోరు, ఆడోలు లోపలికి రాకూడదని. ఈయాల నన్ను రమ్మని పిలిసి మరీ సూడమంతన్నారు."

"బస్తా ఎత్తమంటారేమో పిన్నీ, సూసుకో," అన్నాడు అచ్చన్న. తులసమ్మ క్యారియరుతో అతని మోకాలి మీద ఒకటి పెట్టింది.

నేరుగా సంతకి వెళ్దామని వీరమ్మ అంది. లోకనాథం ఒప్పుకోలేదు. బజారు మొత్తం ఒక చుట్టు తిరిగి ధరా సరుకూ చూశాకే మన మూట విప్పాలి. ఊళ్లో మూడు నాలుగు గ్యాలరీలు చూసి, జనం దేనికి డబ్బు తీస్తున్నారో తెలుసుకుని, అప్పుడు తార గోడ దగ్గరికి వెళ్తే ఏదైనా ఉపాయం తడుతుంది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. మన పిల్ల బొమ్మలేస్తుందని ఎక్కడా ఎవరూ నోరు జారకూడదు. ఎవరి సరుకో తెలిస్తే ఎవరూ అసలు ధర చెప్పరు.

బండి దిగగానే వాళ్లు ఇద్దరు ముందు, ముగ్గురు వెనక అయ్యారు. అయిదుగురు రోడ్డు మీద గుమిగూడకూడదన్న సైనిక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చి పదేళ్లయింది. దాన్ని ఎవరూ గుర్తు చేయక్కర్లేదు, కాళ్లు వాటంతట అవే విడిపోతాయి.

మొదటి గ్యాలరీ ఒక పాత ఇంటి కింది వాటాలో ఉంది. అద్దాల తలుపు. గడప మీద నీళ్లు ఇంకా ఆరలేదు. లోపల ఒక పెద్దావిడ ఈకల కుంచెతో ఫ్రేములు దులుపుతోంది. లోకనాథం తలుపు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీశాడు.

"ఏటి ఆగిపోనావు?" అన్నాడు అచ్చన్న.

"బోణీ కానేదు."

"అయితే?"

"మనం కొంటామేటి? అయిదుగురం లోపలికెల్లి అయిదుగురం ఉత్తినే ఒచ్చీస్తే ఆ కొట్టు ఈయాల్టికి మూసీసుకోవాల. ఎవుడో ఒకడు కొననీ, అప్పుడెల్దాం."

అలా నిలబడ్డారు. అయిదుగురూ ఒకే చోట నిలబడే వీలు లేదు కదా. తల్లీకూతుళ్లు పక్కింటి మెట్ల మీద కూర్చున్నారు. లోకనాథం, అచ్చన్న ఎదురుగా కిళ్లీ బండి దగ్గర చేరారు. టిన్ ఆంగ్ కొంచెం దూరంలో బస్సు నంబర్ల బోర్డు ముందు నిలబడి దాన్ని చదివాడు. చదవడం అయిపోయాక మళ్లీ మొదటినుంచి చదివాడు. పావుగంటకోసారి వాళ్లలో ఒకరు వచ్చి అద్దంలోంచి తొంగిచూసి, తల అడ్డంగా ఊపి వెళ్లేవారు. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి బొమ్మలు కొనేవాడు ఆ వీధిలో ఒక్కడూ రాలేదు. అచ్చన్న నాలుగు కిళ్లీలు నమిలాడు. కిళ్లీ బండికి మాత్రం బోణీ బాగా జరిగింది.

లోపలి పెద్దావిడ పేరు ఖిన్ లే. బర్మీస్‌లో మర్యాదకి పెద్దవాళ్లలో ఆడవాళ్ల పేరుకి డా, మగవాళ్ల పేరుకి ఊ చేరుస్తారు, అలా డా ఖిన్ లే. వీధిలో మనుషులు వంతులవారీగా తన కొట్టుని కనిపెట్టుకుని ఉండడం ఆమె మొదటి నిమిషంలోనే చూసింది. ఆ రోజుల్లో అలా కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఎవరై ఉంటారో ఎవరికైనా ఒకటే అనుమానం వస్తుంది. గోడ మీది బొమ్మలన్నిటి వెనకా సెన్సారు అనుమతి ముద్రలు ఉన్నాయో లేదో మరోసారి తిప్పి చూసుకుంది. అన్నిటికీ ఉన్నాయి. తర్వాత ఆ గుంపులో ఒక ముసలావిడ, ఆవిడ ఒళ్లో ఒక క్యారియరు కనిపించాయి. నిఘాకి వచ్చేవాళ్లు అమ్మమ్మని వెంటబెట్టుకు రారని తేల్చుకుని, గ్లాసుతో మంచినీళ్లు తీసుకుని బయటికి వచ్చింది.

నీళ్లు తాగి తులసమ్మ బజారు బర్మీస్‌లో అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. కొడుకు పట్టుదల, బోణీ, మనవరాలి గోడ, అల్లుడి షరతు, సోమవారం ఫ్యాక్టరీ, ఏదీ మిగల్చలేదు. లోకనాథం వీధి దాటి వచ్చేసరికి దాచడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు.

డా ఖిన్ లే నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నట్టు మాత్రం తెలిసింది. "మా దగ్గర దాన్ని జేఊ అంటాం," అంది బర్మీస్‌లో. "తొలి బేరం. నా కొట్టులో జేఊ పడి ఇవాళ్టికి పదకొండు రోజులు. అది పడేదాకా ఆగుతామంటే మీ అమ్మగారికి ఇక్కడే చాప వెయ్యాలి."

గ్యాలరీకి వచ్చేది చూడ్డానికేననీ, చూసి వెళ్లినవాళ్ల వల్ల తనకే దోషమూ అంటదనీ ఆమె ఎంతో చెప్పింది. లోకనాథం విన్నాడు, గడప మాత్రం దాటలేదు. చివరికి అతనే దారి కనిపెట్టాడు. తలుపు పక్కన ఒక బుట్టలో పడవల బొమ్మలు అచ్చువేసిన కార్డులు ఉన్నాయి. అందులో ఒకటి తీసి, బేరం ఆడకుండా నోటు ఆమె చేతిలో పెట్టాడు.

అప్పుడామె చేసిన పని అతను ఊహించనిది. ఆ నోటు పట్టుకుని గోడల వెంట నడుస్తూ, ఒక్కో ఫ్రేముకీ దాన్ని తాకిస్తూ, "జేఊ, జేఊ" అంటూ గది మొత్తం చుట్టి వచ్చింది. పొద్దున్నే తొలి నోటు కళ్లకద్దుకుని, తక్కెడకీ బస్తాలకీ తాకించే లోకనాథం గుమ్మంలో నిలబడిపోయాడు. పొరుగు మనిషి తన ఇంటి వంటే వండుకుంటుందని ఇన్నాళ్లకి తెలిసినట్టయింది. చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగింది. తులసమ్మ ప్రతి బొమ్మ ముందూ నిలబడి, అందులో మనుషులుంటే వాళ్లు తిన్నారో లేదో ఆరా తీసింది. ఒక బొమ్మలో నీలం గీతలు తప్ప ఏమీ లేవు. అచ్చన్న దాని ముందు చాలాసేపు ఉన్నాడు. ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో తనకి అర్థమైందనీ, మూడో వాల్వు దగ్గర లీకు ఉందనీ డా ఖిన్ లేకి వివరించాడు. వేసినవాడికి తప్పకుండా చెప్తానని ఆమె మాటిచ్చింది. టిన్ ఆంగ్ బొమ్మలు చూడలేదు. కింద అంటించిన ధరల చీటీలు చదివాడు. ఒక చీటీ దగ్గర ఆగి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. అది అతని ఏడాది జీతం.

అక్కడ్నించి ఇంకో రెండు గ్యాలరీలు చూశారు. గడపలో ఒక కార్డు కొనడం, లోపలికి నడవడం. మధ్యాహ్నానికి లోకనాథం సంచీలో మూడు పొట్లాలతో పాటు మూడు కార్డులు చేరాయి. ఎక్కడ చూసినా ఆదివారం జనం బాగానే వచ్చారు, చేతులు వెనక్కి కట్టుకుని చూసి వెళ్లారు. డబ్బు తీసినవాళ్లంతా కార్డులే కొన్నారు. ఈ సంగతి అతను మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

గోదాము గుమ్మం దగ్గర తులసమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎవరూ ఆపలేదు. అటూ ఇటూ చూసి, కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచింది.

తార గోడ చివరి వరసలో ఉంది. ఆరు బొమ్మలు, ఏడో మేకు ఖాళీ. ఆ మేకుకి తగిలించాల్సింది సాయంత్రం వేళ వంతెన బొమ్మ. సంత మొదలయ్యే ముందు రోజు పరిశీలనకి వచ్చిన అధికారులు ఆకాశం మరీ ఎర్రగా ఉందని దించేశారు. మిగతావి సర్ది ఆ ఖాళీ కప్పెయ్యమని పక్క గోడవాళ్లు సలహా ఇచ్చారు. తార ఆ మేకుని అలాగే వదిలేసింది. నాలుగు రోజులుగా ఎవరైనా ఆ ఖాళీ దగ్గర ఆగితే, అక్కడేం లేదన్నట్టు వేరేవైపు చూసేది.

పిల్ల ముఖం వాడిపోయి ఉంది. వీరమ్మ ముందుగా ఆమెకి పులిహోర పెట్టింది. తింటూనే తార జరిగింది అందరికీ చెప్పింది. వచ్చేవాళ్లు మెచ్చుకుంటున్నారు, పుస్తకంలో మంచి మాటలు రాస్తున్నారు, వెళ్లిపోతున్నారు. ఒక హోటలాయన మూడుసార్లు వచ్చి చూశాడు కూడా. టిన్ ఆంగ్ ఆ పుస్తకం తీసి రెండు పేజీలు చదివి కిందపెట్టాడు.

లోకనాథం గోడని ఈ చివర నుంచి ఆ చివరకి చూసుకుంటూ వెళ్లాడు. బజారు ఆడవాళ్లు. తులసమ్మ నిద్ర. వానలో సైడ్‌కారు రిక్షా. నాలుగోదాని దగ్గర అతని అడుగు ఆగిపోయింది. అది అతని తక్కెడ. ఎవరిదో తక్కెడ కాదు, అతనిదే. ఎడమ పళ్లేనికి అంచున ఉన్న నొక్కు కూడా అలాగే ఉంది. ఒక పళ్లెంలో అరవీశె రాయి, రెండోది ఖాళీ. ఖాళీ పళ్లెం పైకి లేచి ఉంది. వెనక బస్తాల మూతులు విప్పి ఉన్నాయి. కింద పేరు "పొద్దున" అని రాసి ఉంది.

బోణీ కాకముందు తన కొట్టు ఎలా ఉంటుందో ముప్ఫై ఏళ్లలో లోకనాథం ఎన్నడూ బయట నిలబడి చూడలేదు. వేలితో ఆ నొక్కు తడమబోయి, ఆపుకుని, వ్యాపారం మాట ఎత్తాడు.

"అన్నీ బస్తాలే పెట్టినావు," అన్నాడు మేనకోడలితో. "అరవీశెలు ఏవి?"

"ఇవి పెసలు కావు మావయ్యా."

"పెసలైనా ఇవైనా కొనీవోడి చెయ్యి ఒకటే కదే. ఊరు తిరిగి సూసొచ్చినాం. అందరూ కార్డులు కొంతన్నారు. మొదట చిన్న దానికి చెయ్యి తెరుచుకోవాల. తెరిసిన చెయ్యి మరి తొందరగా మూసుకోదు. చిన్నయి ఏసి ఇలాగ పెట్టు."

చిన్నవి అమ్మినా లెక్కలోకి రావని టిన్ ఆంగ్ బర్మీస్‌లో గుర్తు చేశాడు. ఫ్రేముతో సహా అన్నది ఒప్పందం. లోకనాథం కాదనలేదు. లెక్కకి కాదు, బోణీకి అన్నాడు. కాగితాలన్నీ ఇంట్లో ఉన్నాయంది తార. అప్పుడతను సంచీ తెరిచి, మూడు పొట్లాల్లోని మినుములూ పెసలూ కందులూ ఖాళీ అయిన క్యారియరు గిన్నెలోకి వంచేసి, పొట్లాలు విప్పి, మోకాలి మీద చదును చేసి ఆమె చేతికిచ్చాడు. మూడు రకాలూ కలిసిపోయాయి. నమూనాలు కలపడం లోకనాథం జీవితంలో అదే మొదలు. అచ్చన్న గిన్నెలోకి వంగి, అవి నిజంగానే కలిసిపోయాయా అని వేలితో కెలికి చూశాడు.

తార బొగ్గుముక్క తీసి కూర్చుంది. ఏం వెయ్యాలో తోచలేదు. పక్కన తులసమ్మ పొద్దుటి ముచ్చట చెప్పడం మొదలుపెట్టింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, టిన్ ఆంగ్ బస్సు బోర్డు ఎన్నిసార్లు చదివాడో, అచ్చన్న ఎన్ని కిళ్లీలు తిన్నాడో. నాలుగు రోజుల తర్వాత తార మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే చెయ్యి కదిలింది. తులసమ్మ కథ ముగిసేసరికి గోధుమరంగు కాగితం మీద వీధి, అద్దం, మనుషులు వచ్చేశారు.

సంత అయిదింటికి మూసేస్తారు. మూడున్నర అయింది. డా ఖిన్ లే కూడా తన కొట్టు తలుపు వేసి సంతకి వచ్చింది. ఆమె దగ్గరి చిత్రకారుల బొమ్మలు ముందు వరసలో ఉన్నాయి. అక్కడి పని చూసుకుని, పొద్దున ముసలావిడ చెప్పిన గోడ ఏదో చూద్దామని చివరి వరసకి వచ్చింది. ముందు తులసమ్మని పలకరించింది. తర్వాత బొమ్మలు చూసింది. "పొద్దున" ముందుకి వచ్చి కళ్లజోడు సర్దుకుంది. ముందుకి జరిగి, వెనక్కి జరిగి, మళ్లీ ముందుకి జరిగింది. నమూనా గింజని పంటికింద వేసి చూసేవాడు ఎంత సేపు తీసుకుంటాడో అంత సేపు తీసుకుంది. ఇలా చూసేవాళ్లు ఊరికే పోరని లోకనాథానికి తెలుసు.

ధర ఎంతని అడిగింది. తార చెప్పింది. అది కూడా టిన్ ఆంగ్ ఏడాది జీతమే.

"నేనే జేఊ కదా," అంది డా ఖిన్ లే. "నాలుగో వంతు తగ్గించు."

"తగ్గదు, డా ఖిన్ లే," అంది తార.

బోణీ బేరాన్ని కాదనడం లోకనాథం కొట్టులో పిచ్చివాడు కూడా చెయ్యడు. నాలుగు రోజుల ఎండకి వచ్చిన ఒక్క చినుకు. అతను మేనకోడలి మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు.

"బోణీ బేరం తిప్పీకే తారా. రేపు సోమారం."

"నాలుగో వంతు తగ్గిస్తే రేపట్నుంచి నా దర అదే అయిపోద్ది మావయ్యా," అంది తార నెమ్మదిగా. "దిగిన దర మళ్లీ ఎక్కదని సెప్పినావు. సిన్నప్పుడు నీ కొట్లో కూకుని ఇన్నాను."

అది తన మాటే. తన మాటని తను కొట్టేసుకోలేడు. ఒకవైపు బోణీ, ఇంకోవైపు ధర. రెండూ తను నేర్పినవే, రెండూ నిజమే. లోకనాథం అటు డా ఖిన్ లే వైపు, ఇటు గోడ వైపు చూశాడు. ఆవిడ చేతిసంచీ మూత తెరిచి ఉంది, కాళ్లు మాత్రం గుమ్మం వైపు తిరిగాయి. ఇలాంటప్పుడు ముప్ఫై ఏళ్లుగా తను ఏం చేస్తున్నాడు? గింజ ధర తగ్గించమని పట్టుబట్టే ముసలావిడని తను ఎలా పంపుతున్నాడు? అతని కుడిచెయ్యి దానంతట అదే గుప్పెడు పట్టినట్టు ముడుచుకుంది.

"దర తగ్గించకు," అన్నాడు. "కొసరు ఎయ్యి."

తార చుట్టూ చూసింది. గోడ మీద కొసరుగా ఇవ్వడానికి ఏమీ లేదు. ఒళ్లో ఉన్న గోధుమరంగు కాగితం ఒకటే ఉంది. దాన్ని తీసుకెళ్లి రెండు చేతులతో డా ఖిన్ లేకి ఇచ్చి, ధర మారదనీ, ఇది పైన కలుపుతున్నాననీ చెప్పింది.

డా ఖిన్ లే కాగితం వైపు చూసింది. అద్దం వెనక ఈకల కుంచె పట్టుకుని, అనుమానంగా వీధిలోకి తొంగిచూస్తున్న ఒక పెద్దావిడ. వీధిలో మెట్ల మీద ఇద్దరు, కిళ్లీ బండి దగ్గర ఇద్దరు, బస్సు బోర్డు ముందు ఒకడు. అయిదుగురూ ఒకరికొకరు ఏమీ కానట్టు వేరే వేరే దిక్కులు చూస్తున్నారు. అయిదుగురి మెడలూ మాత్రం ఆ అద్దం వైపే సాగి ఉన్నాయి.

పొద్దున ఆపుకున్న నవ్వు అప్పుడు వచ్చింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూసి మళ్లీ నవ్వింది. పక్క గోడలవాళ్లు తొంగిచూశారు. "నేను నిజంగానే ముద్రలన్నీ తిప్పి చూసుకున్నాను," అంది ఊపిరి తీసుకుంటూ. తర్వాత చేతిసంచీలోంచి నోట్లు తీసి, అడిగిన ధర అడిగినట్టే తార చేతిలో పెట్టింది.

టిన్ ఆంగ్ ముందుకు వచ్చాడు. మర్యాదగానే అడిగాడు, పొద్దున బావ ఇచ్చిన బోణీకి బదులుగా ఆమె ఈ బొమ్మ కొంటున్నదా అని. అలా అయితే అది చుట్టరికం లాంటిదే, లెక్కలోకి రాదు.

"ఊ టిన్ ఆంగ్," అంది ఆమె, "కార్డు కొన్నవాళ్లందరి ఇంట్లో పిల్లల బొమ్మలు కొంటూ పోతే నా గ్యాలరీ ఎప్పుడో మూతపడేది. ఈ తక్కెడ నేను అమ్ముకోవడానికి కొంటున్నాను. కొసరు మాత్రం అమ్మను."

టిన్ ఆంగ్ ఒక్కసారి కూతురి వైపు, ఒక్కసారి ఆ నోట్ల వైపు చూశాడు. చొక్కా జేబులోంచి ఫ్యాక్టరీ ఉత్తరం తీశాడు. దాన్ని చింపుతాడేమోనని వీరమ్మ చెయ్యి చాచింది. అతను కాగితం వృథా చేసే మనిషి కాదు. దాన్ని తిరగేసి కూతురికిచ్చాడు.

"ఎనక అంతా తెల్లగ ఉంది," అన్నాడు అతనికి వచ్చిన తెలుగులో. "బొమ్మ ఎయ్యి."

తార పైనోటు ఒకటి తీసి ముందు మావయ్యలాగా కళ్లకద్దుకుంది. తర్వాత డా ఖిన్ లేలాగా గోడ వెంట నడిచింది. ఆడవాళ్లకి, నిద్రపోతున్న అమ్మమ్మకి, వానలో సైడ్‌కారుకి, ఒక్కోదానికీ నోటు తాకించింది. చివర ఖాళీ మేకు దగ్గర ఆగింది. దానికి మిగతావాటికన్నా కాస్త ఎక్కువసేపు తాకించింది. తులసమ్మ "జేఊ, జేఊ" అంది. లోకనాథం సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు. అందులో మూడు కార్డులు తప్ప ఏమీ లేవు.

అయిదింటికి సంత మూసేలోపు హోటలాయన నాలుగోసారి వచ్చి సైడ్‌కారు పట్టుకెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఆరుగురయ్యారు కాబట్టి ముగ్గురు ముందు, ముగ్గురు వెనక నడిచారు. మూడో వాల్వు సంగతి ఆ నీలం గీతల బొమ్మ వేసినవాడికి డా ఖిన్ లే చెప్పిందో లేదోనని అచ్చన్న దారంతా అంటూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున్న లోకనాథం కొట్టు తెరిచి, గడప కడిగి, తక్కెడ తుడిచి కూర్చున్నాడు. అరవీశె రాయి ఒక పళ్లెంలో పెట్టాడు. రెండోది పైకి లేచింది. ఎప్పుడూ చూసేదే అయినా ఆ రోజు కాస్త ఎక్కువసేపు చూశాడు. తలెత్తేసరికి ఎదురుగా తార నిలబడి ఉంది.

"ఏటి గావాల?"

"కాయితం పొట్లాలు. వంద."

పొట్లాలు అమ్మే సరుకు కాదు. అయినా తొలి బేరం తిప్పకూడదు. ధర చెప్పాడు. తార బేరం ఆడకుండా నోటు ఇచ్చింది. అతను దాన్ని కళ్లకద్దుకుని, తక్కెడకీ బస్తాలకీ తాకించి, వంద పొట్లాలు కట్టగట్టి ఇచ్చాడు. పిల్ల కదల్లేదు.

"ఇంకా ఏటి?"

"కొసరు."

లోకనాథం బల్ల కింద నుంచి నిన్నటి క్యారియరు గిన్నె తీశాడు. మినుములూ పెసలూ కందులూ కలిసిపోయి ఎవరికీ అమ్మడానికి లేకుండా ఉన్నాయి. నిండుగా ఒక గుప్పెడు తీసి ఆమె కొంగులో పోసి, ఒక క్షణం ఆలోచించి, ఇంకో గుప్పెడు పోశాడు.